చీర మీది, పేరు ఎవరిది?

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర ఒక ఊరు. మా ఆయన, మామయ్య ఇంట్లో రెండు మగ్గాల మీద ఇక్కత్ పట్టుచీరలు నేస్తారు. అత్తమ్మ, నేను కండెలు చుడతాం, ఆసు పోస్తాం (మేకుల చుట్టూ నూలు తిప్పి సిద్ధం చేయడం), చిటికి కట్టేటప్పుడు (రంగు ఎక్కకూడని చోట పోగులకు కట్లు వేసేటప్పుడు) సాయం చేస్తాం. ఇంతకుముందు నేసినవన్నీ షావుకారుకే వెళ్లేవి. మూడేళ్లుగా సగం చీరలు నేనే వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. కొనేవాళ్లలో ఎక్కువమంది రీసెల్లర్లు. "మీ ట్యాగ్, ఫోన్ నంబరు లేకుండా ప్లెయిన్ కవర్లో పంపండి" అంటారు. అదే చీర వాళ్ల పేజీలో, వాళ్ల పేరుతో, ఎక్కువ ధరకు కనిపిస్తుంది. మనకూ ఒక బ్రాండ్ ఉండాలనిపించి హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీని అడిగాను. పేరు, లోగో, వెబ్‌సైట్, మూడు నెలల రీల్స్ కలిపి 60 వేలు అన్నారు. ఆ డబ్బుతో పట్టు కొనుక్కోవచ్చని మా ఆయన అంటున్నారు. 'పోచంపల్లి' అని వచ్చేలా పేరు పెడదామని నా ఆలోచన. నేనే కెమెరా ముందుకు రావాలని ఏజెన్సీ వాళ్లు చెప్తున్నారు. నాకు బెరుకు, అత్తమ్మకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు? ఇంకో చిన్న సందేహం: ట్యాగ్ తెలుగులో వేయించాలా, ఇంగ్లీషులోనా?
- ఒక చేనేత కోడలు, యాదాద్రి భువనగిరి జిల్లా

సమాధానం:

అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఈ ఒక్క విషయంలో నేను మీ ఆయన పక్షం. ఆ 60 వేలు ఇప్పుడు ఏజెన్సీకి ఇవ్వకండి. వాళ్లు మోసం చేస్తారని నేను అనడం లేదు. మంచి లోగో, వెబ్‌సైట్ కావలసిన రోజు మీకూ వస్తుంది. కానీ ఈ రోజు మీ ఇబ్బంది వేరు. మీ చీర కట్టుకుని పెళ్లికి వెళ్లిన ఆవిడను పక్కన కూర్చున్నావిడ "ఎక్కడ తీసుకున్నారు?" అని అడిగితే, ఆమె నోట మీ పేరు రాదు. రీసెల్లర్ పేజీ పేరు వస్తుంది. ఆ ఆవిడకు మీరెవరో తెలియనంత కాలం మీ లోగో ఎంత అందంగా ఉన్నా దాన్ని చూసేది మీరూ, మీ ఇంట్లో వాళ్లూ మాత్రమే.

కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క పని చుట్టూ ఉంటుంది. మగ్గం దిగిన చీరతో పాటు మీ పేరు కట్టుకునే మనిషి దాకా వెళ్లాలి. మధ్యలో ఎంతమంది చేతులు మారినా సరే.

ఏమీ ఖర్చు పెట్టకుండా ఈ వారమే మొదలుపెట్టదగ్గ పని ఒకటుంది. మూడేళ్ల వాట్సాప్ మెసేజీలన్నీ వెనక్కి వెళ్లి చదవండి. రీసెల్లర్లను పక్కన పెట్టి, తాము కట్టుకోవడానికి కొన్నవాళ్లను ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. వాళ్లలో రెండోసారి వచ్చినవాళ్లు ఎవరు? ఇంకొకరిని పంపినవాళ్లు ఎవరు? చీర అందాక ఏమన్నారు? వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. "ఫోటోలో ఉన్న రంగే వచ్చింది", "మీరు ఓపిగ్గా వీడియో తీసి చూపించారు", "మా అమ్మకు బరువు లేకుండా హాయిగా ఉంది". ఇలాంటివి కనిపిస్తాయి. మీరేమిటని జనం అనుకుంటున్నారో అక్కడుంది. ఏజెన్సీ వాళ్లు కూర్చుని ఊహించి రాసేది, మీ ఫోన్‌లో నిజంగా ఉంది. అందరూ రంగు గురించే మెచ్చుకుంటుంటే, ఫోటోకూ చీరకూ రంగు తేడా ఉండదన్నదే మీరు పదిమందికీ ఇచ్చే మాట అవ్వాలి. డిజైన్లు బాగున్నాయని అంటుంటే ఆ దారి వేరు.

ఇక పేరు. 'పోచంపల్లి'ని మీ బ్రాండ్ పేరుగా పెట్టుకోవద్దు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు, అంటే మనం జీఐ అనే ట్యాగ్, వచ్చింది. అది పోచంపల్లి చేనేత సహకార సంఘం, అక్కడి టై అండ్ డై పట్టుచీరల తయారీదారుల సంఘం పేర్ల మీద నమోదై ఉంది. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసేవాళ్లందరి ఉమ్మడి ఆస్తి అది. మీకూ అందులో హక్కు ఉంది, మీకొక్కరికే సొంతమయ్యే హక్కు మాత్రం లేదు. ట్రేడ్‌మార్క్ ఆఫీసు కూడా సరుకు పుట్టిన ఊరి పేరును ఒకరికి రాసివ్వడానికి మామూలుగా ఒప్పుకోదు. 1999 ట్రేడ్‌మార్క్ చట్టంలో 9వ సెక్షన్ అదే చెబుతుంది. చట్టం మాట అటుంచినా, ఇన్‌స్టాగ్రామ్‌లో పోచంపల్లి అని కొట్టి చూడండి. ఎన్ని పేజీలు వస్తాయో! ఆ గుంపులో మిమ్మల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పైగా మీరు కష్టపడి పేరు తెచ్చుకున్నా, ఆ వెతుకులాట ఫలితం పక్క పేజీకి పోతుంది.

ఆ మాట వదిలేయమని కాదు నేను చెప్పేది. అది పేరు కింద రెండో వరుసలో ఉండాలి. పైన మీ పేరు, కింద 'పోచంపల్లి ఇక్కత్, చేనేత పట్టు' అని. అది రాయడానికి జీఐ కింద అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోండి. ఫీజు నామమాత్రం. సంఘం దగ్గరో, జిల్లా చేనేత జౌళి శాఖ ఆఫీసులోనో అడిగితే కాగితాలు ఎలా పెట్టాలో చెబుతారు.

మరి పైన ఉండే పేరు ఏది? మీ జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. ఒక్క చీరకు వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించి ఆసు పోసి భుజం నొప్పితో బాధపడిన తన తల్లి పేరునే దానికి పెట్టారు. లక్ష్మి ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఎందుకు పుట్టిందో పేరే చెబుతుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక నిజమైన సంగతి ఉంది. మీ ఇంట్లోనూ అలాంటి పేర్లు ఉంటాయి. మీ ఇంటిపేరు, మామయ్య పేరు, అత్తమ్మ పేరు, మీ వాకిలి, మీ వీధి. అత్తమ్మ పేరు పెడదామని ఒకసారి ఇంట్లో అని చూడండి. కెమెరా అంటే ఇష్టం లేని మనిషి ఈ పని తనది కూడా అనుకోవడానికి అదొక దారి కావచ్చు.

ఏ పేరు అనుకున్నా ఫోన్‌లో పరీక్షించండి. గుంటూరులో ఉన్న ఒకరికి, బెంగళూరులో ఉన్న ఒకరికి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపమనండి. ఇద్దరూ ఒకేలా రాస్తే ఆ పేరు పనికొస్తుంది. వేర్వేరుగా రాస్తే వెతికినప్పుడు మీరు దొరకరు. 'కళ', 'వస్త్ర', 'వీవ్స్', 'సిల్క్స్' లాంటి తోకలు ఇప్పటికే వేలమంది తగిలించుకున్నారు, వాటి మీద ఆధారపడకండి.

పేరు కుదిరాక ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, అప్పటికే ఎవరైనా తీసుకున్నారేమో తెలుస్తుంది. దుస్తులు 25వ తరగతి కిందికి, బట్ట 24వ తరగతి కిందికి వస్తాయి. చీరలే అమ్ముతుంటే ముందు 25 చూడండి, గజాల లెక్కన బట్ట కూడా అమ్ముతుంటే 24 కూడా. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. ఇక్కడ ఒక సలహా: బొమ్మ గీయించి దాన్ని నమోదు చేయకండి, ముందు మాటను నమోదు చేయండి. బొమ్మ రేపు మార్చాలనిపిస్తుంది. మాట ఒక్కసారి మీదైతే ఏ అక్షరాల్లో వేయించినా మీదే. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాకే. ముందే వేయడం నేరం.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం, రీసెల్లర్లు. వాళ్లను శత్రువుల్లా చూడకండి. షావుకారు ఒక్కడి మీదే ఆధారపడిన ఇంటికి వాళ్ల వల్ల రెండో దారి దొరికింది. వాళ్లు డబ్బు ఖర్చు పెట్టి ప్రకటనలు ఇస్తారు, తిరిగొచ్చిన చీరల తలనొప్పి భరిస్తారు, అర్ధరాత్రి మెసేజీలకు జవాబులిస్తారు. వాళ్లు ఎక్కువ ధరకు అమ్మడంలో తప్పు లేదు. మీకు నష్టం జరుగుతున్నది ధరలో కన్నా పేరు చెరిగిపోవడంలో. వాళ్లు ప్లెయిన్ కవర్ అడగడం వాళ్ల వ్యాపారం. మీరు కాదనలేకపోతున్నారంటే దానికి కారణం, మీ దగ్గర వాళ్లకు ఇచ్చే సరుకు, మీ పేరుతో అమ్ముకునే సరుకు ఒకటే కావడం.

ఆ రెంటినీ విడదీయండి. ఒక వార్పు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగు (నిలువు పోగులు), వేస్తే ఆరేడు చీరలు దిగుతాయి కదా. రెండు మగ్గాల్లో ఒకదాని మీద మార్కెట్ అడిగే డిజైన్లు నేయండి. అవి షావుకారుకు, రీసెల్లర్లకు. రెండో మగ్గం మీద ఏడాదికి కొన్ని వార్పులు మీ సొంత పేరుకే కేటాయించండి. వాటి డిజైన్, రంగుల కలయిక మామయ్యవి కావాలి, బయట దొరకకూడదు. ఆ చీరలు రీసెల్లర్లకు ఏ ధరకూ ఇవ్వొద్దు. మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది. నెల చివర్లో చేతిలో డబ్బు లేనప్పుడు, "ఆ నీలం చీర ఇస్తారా, ఇప్పుడే ఫోన్‌పే చేస్తాను" అని ఒకరు అడిగితే మనసు లాగుతుంది. అందుకే రెండు మగ్గాలూ ఒకేసారి మార్చమనడం లేదు. ఇంటి ఖర్చు మొదటి మగ్గం మీద నడవాలి. అప్పుడే రెండో మగ్గం మీద మాట నిలబెట్టుకోగలరు.

మరి రీసెల్లర్లకు వెళ్లే చీరల మీద మీ పేరు పూర్తిగా పోవాల్సిందేనా? దానికి నేతలోనే ఒక ఉపాయం ఉంది. అది నాకు చాలా ఇష్టమైనది. ప్రతి చీరకూ కట్టుచెంగు చివర, నడుము దగ్గర లోపలికి దోపుకునే వైపు, పేకలో (అడ్డ పోగుల్లో) రంగు పోగులతో ఒక చిన్న వరుస నేయించండి. ఉదాహరణకు రెండు ఎరుపు, ఒక పసుపు, రెండు ఎరుపు. ఏ వరుసైనా సరే, మీ మగ్గాల నుంచి దిగే ప్రతి చీరకూ ఎప్పటికీ అదే ఉండాలి. కట్టుకున్నప్పుడు కనబడదు, చీర అందం చెడదు, నేయడానికి నిమిషాల పని. ట్యాగ్ కత్తిరించినట్టు దాన్ని తీసేయడం కుదరదు. రీసెల్లర్‌కు దాచి చేయకండి. "మా ఇంటి గుర్తు ఇది, ప్రతి చీరకూ ఉంటుంది" అని ముందే చెప్పండి. ఫోన్ నంబరు లేదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. మీ పేజీలో మాత్రం ఆ వరుస ఫోటో ఎప్పుడూ పైన పెట్టి ఉంచండి. రెండు మూడేళ్లకు, ఎక్కడో కొన్న చీరలో ఆ పోగులు చూసి మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఉంటారు.

ధర విషయంలో ఒక జాగ్రత్త. రీసెల్లర్‌కు ఇచ్చే ధరకే నేరుగా వచ్చినవాళ్లకూ అమ్మకండి. మీ ధరలో ఫోటోలు తీసే సమయం, ప్యాకింగ్, కొరియర్, తిరిగొచ్చే చీర, వీటన్నిటికీ చోటు ఉండాలి. అత్తమ్మ కూలి, మీ కూలి కూడా లెక్కలోకి రావాలి. చేనేత ఇళ్లలో ఆడవాళ్ల పనికి విలువ కట్టకుండానే చీర ధర తేల్చేస్తారు. ఆసు, కండెలు, చిటికి లేకుండా ఇక్కత్ లేదు. మీ బ్రాండ్ లెక్క మొదటి రోజు నుంచే ఆ తప్పు లేకుండా మొదలవ్వాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ట్యాగ్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. ఇప్పుడు డబ్బు పెట్టాల్సింది అక్కడే. మందపాటి కాగితం మీద, చేత్తో నింపడానికి ఖాళీలు వదిలి, ప్రింటింగ్ ప్రెస్‌లో వేయించుకోండి. పేరు పైన ఉంటుంది. కింద చిటికి కట్టింది ఎవరు, ఆసు పోసింది ఎవరు, నేసింది ఎవరు అని మూడు వరుసలు. పడుగు ఏ నూలు, పేక ఏ నూలు. పడుగు ఒక్కటే రంగులద్దిందా, పేక ఒక్కటేనా, లేక రెండూనా, అంటే డబుల్ ఇక్కత్ అవునా కాదా. పొడవు, వెడల్పు, జాకెట్టు ముక్క ఉందా లేదా. మొదటిసారి డ్రై క్లీనింగా, ఇంట్లో ఉతకొచ్చా. వెనక మీ నంబరు. ఇవన్నీ మీ చేతిరాతతో నింపండి. షోరూంలో ఎంత ఖరీదైన చీర కొన్నా, చిటికి కట్టిన మనిషి పేరు దాని మీద దొరకదు. మీకది ఊరికే వస్తుంది.

రాసేది ప్రతి అక్షరం నిజమై ఉండాలి. పట్టు, కాటన్ కలిపి నేసే సీకో చీరను ప్యూర్ సిల్క్ అనొద్దు. మీరు వాడేవి రసాయన రంగులైతే సహజ రంగులని రాయొద్దు. అందరూ రాస్తున్నారు కదా అని మీరూ రాయకండి. ముదురు ఎరుపు మొదటి ఉతుకులో కొంచెం వదులుతుందని తెలిస్తే ట్యాగ్ మీదే చెప్పండి. ముందే చెప్తే అది జాగ్రత్త. తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది. రంగు నిలవడంలో మీకే అనుమానం ఉంటే హైదరాబాద్‌లోని వీవర్స్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. రంగులద్దకంలో, డిజైన్లలో శిక్షణ, సాయం చేయడానికే అది ఉంది.

ప్రభుత్వ గుర్తులు కూడా మీ తరఫున మాట్లాడతాయి. చేతి మగ్గం మీద నేసిందని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చింది. టెక్స్‌టైల్స్ కమిటీ చూస్తుంది, నేత కార్మికులు వ్యక్తిగతంగానూ తీసుకోవచ్చు. స్వచ్ఛమైన పట్టుకు సిల్క్ మార్క్, 2004 నుంచి కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో ఉంది. 2015 ఆగస్టు 7న మొదలైన ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండ్‌కు నాణ్యత పరీక్షలు ఎక్కువ, దాన్ని తర్వాత చూడొచ్చు. అన్నిటికీ ఒకేసారి పరుగెత్తకండి. మొదట హ్యాండ్లూమ్ మార్క్, జీఐ నమోదు. సొంత పేరు మీద అమ్మకం కుదురుకున్నాక సిల్క్ మార్క్. ఈలోపు అనుమానం ఉన్నవాళ్లకు ఒక పోగు తీసి కాల్చి చూపించే వీడియో చాలు. అసలు పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. వాసన వీడియోలో రాదు కాబట్టి, చీరతో పాటు నాలుగు పోగులు చిన్న కవర్లో పెట్టి పంపండి, వాళ్లే ఇంట్లో చూసుకుంటారు.

మీకు నిజమైన పోటీ పక్కింటి మగ్గం కాదు. మిల్లు బట్ట మీద ఇక్కత్ డిజైన్ ప్రింటు వేసి తక్కువ ధరకు అమ్మేవాళ్లు. వాళ్లను తిట్టే పోస్టులు పెట్టకండి, కొనేవాళ్లకు తేడా కనిపెట్టడం నేర్పండి. ఇక్కత్‌లో నేయడానికి ముందే పోగుకు రంగు ఎక్కుతుంది కాబట్టి చీర రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటులో వెనక వైపు వెలిసినట్టు కనబడుతుంది. ఇక్కత్ డిజైన్ అంచులు కొంచెం ఈకల్లా చెదిరినట్టు ఉంటాయి. ప్రింటులో గీత గీసినట్టు ఉంటాయి. ప్రతి చీర ఫోటోల్లో వెనక వైపు ఫోటో తప్పకుండా ఒకటి ఉండాలి. రోజూ అది చూసిన మనిషి బయట ఎక్కడ కొన్నా బట్ట తిప్పి చూస్తుంది. తిప్పి చూడడం నేర్పింది మీరేనని ఆమెకు గుర్తుంటుంది.

కెమెరా ముందుకు రావాలా అని అడిగారు. అక్కర్లేదు. మీ ముఖం చూపించకుండానే చూపించడానికి మీ ఇంట్లో బోలెడంత ఉంది. చిటికి కట్టే వేళ్లు, రంగులో ముంచి తీసిన నూలు, కట్లు విప్పినప్పుడు కింద నుంచి బయటపడే తెలుపు, మగ్గం చప్పుడు. ఆ చప్పుడు మీద పాటలు పెట్టొద్దు, దాన్నే వినిపించండి. మామయ్య, మీ ఆయన చేతులు తీసేటప్పుడు కూడా వాళ్లను అడిగి తీయండి. అత్తమ్మకు ఇష్టం లేదన్నారు కదా, ఆ మాటకు విలువ ఇవ్వండి. ఇంటి మనిషిని నొప్పించి తెచ్చుకునే లైకుల కోసం ఇల్లంతా టెన్షన్ పడాల్సిన పని లేదు. ఏడాది తర్వాత మీకే బెరుకు పోయి మాట్లాడాలనిపిస్తే అప్పుడు మాట్లాడండి.

రోజూ ఏదో ఒకటి పెట్టాలన్న సలహా కూడా మీకు సరిపోదు. అది రోజూ సరుకు దించే దుకాణాలకు. మీ పోస్టులు మగ్గం నడిచే తీరును బట్టి నడవాలి. కొత్త వార్పు మొదలైందని ఒకటి, రంగులద్దకం ఒకటి, మొదటి చీర మగ్గం దిగిన రోజు ఒకటి. "ఈ వార్పులో ఆరు చీరలు వస్తాయి, ఇవే రంగులు" అని ముందే చెప్పి, కొంత అడ్వాన్సు తీసుకుని బుక్ చేసుకోండి. నేయక ముందే సగం అమ్ముడైతే పట్టు కొనడానికి అప్పు తగ్గుతుంది. కానీ మాట ఇచ్చిన తేదీకి వారం అటూ ఇటూ వేసుకుని చెప్పండి. వానాకాలంలో రంగులు, నూలు ఆరడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక: ఎవరూ చేయని కొత్త డిజైన్ మామయ్య గీస్తే, దాన్ని డిజైన్ల చట్టం కింద నమోదు చేయించే ఆలోచన ఉంటే, ఎక్కడా ఫోటో పెట్టకముందే చేయాలి. బయటపెట్టిన డిజైన్ కొత్తది కాదని దరఖాస్తు తిరస్కరిస్తారు. అన్ని డిజైన్లకూ ఈ పని చేయలేరు, చేయక్కర్లేదు కూడా. మీ బ్రాండ్‌కు గుర్తుగా నిలబడుతుందనిపించిన ఒకటి రెండిటికి మాత్రం ఆలోచించండి.

మీ పేజీలో "నేతన్నను ఆదుకోండి" తరహా మాటలు రాయకండి. కష్టం లేదని కాదు, మీ కష్టం నాకు తెలుసు. జాలితో కొన్నవాళ్లు ఒక్కసారి కొంటారు, తర్వాత బేరం కూడా ఆడతారు. మీరు అమ్ముతున్నది చాలా కొద్దిమందికి మాత్రమే తెలిసిన విద్య. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో జీఐ వచ్చింది. నూనెలో నానిన నూలుతో, కొద్ది రంగులతో నేసే ఆ బట్టను ఎంత గౌరవంగా చూస్తున్నారో చూడండి. మీ రాతలోనూ అదే గౌరవం ఉండాలి. ఈ డిజైన్ ఎందుకు కష్టం, ఈ రంగు ఎలా వచ్చింది, ఒక్క కట్టు తప్పితే ఏమవుతుంది, ఇవి చెప్పండి. జనం ఆసక్తిగా చదువుతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచి ఆర్డర్లు వస్తుంటే ఒకటి గమనించండి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. ఆ సుంకం ఎవరు కడతారో డబ్బు తీసుకోకముందే చెప్పాలి. లేకపోతే చీర బాగున్నా మీ మీద కోపం మిగులుతుంది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో వాళ్ల అమ్మానాన్నలు ఉంటే అక్కడికే పంపుతామని అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అమ్మ చేతికి చీర వెళ్తే ఆ అపార్ట్‌మెంట్‌లో ఇంకో ముగ్గురు చూస్తారు, అదీ మంచిదే.

ఫిర్యాదు వస్తే ఆ రోజే జవాబివ్వండి. పోగు లేచింది, మరక ఉంది, రంగు వదిలింది అంటే ముందు ఫోటో అడగండి. మీ తప్పైతే మారు మాట లేకుండా వెనక్కి తీసుకోండి. ఇక్కత్‌కు సహజమైన తేడా అయితే ఓపిగ్గా వివరించండి. కొన్న ఏడాదికి "చీర ఎలా ఉంది, రోలింగ్ చేయించాలంటే పంపండి" అని ఒక మెసేజ్ పెట్టండి. రెండోసారి కొనేవాళ్లు అక్కడి నుంచే వస్తారు. ఇందుకోసం ఒక వేరే నంబరు, వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఇంటి నంబరు, వ్యాపారం నంబరు కలిసిపోతే మీకు రాత్రులు నిద్ర ఉండదు.

లోగో కావాలంటే ఇప్పటికి తెలుగు అక్షరాల్లో మీ పేరు ఒక మంచి చేతిరాతలో రాయించుకోండి. ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టు రాసినా సరిపోతుంది. వెబ్‌సైట్ రెండేళ్లు ఆగొచ్చు. దాని పేరు మాత్రం ఇప్పుడే కొనిపెట్టుకోండి, ఇంకొకరు తీసుకోకుండా. ట్రేడ్‌మార్క్ ఫీజు, ట్యాగులు, గట్టి ప్యాకింగ్ డబ్బాలు, ఈ మూడింటికీ అయ్యేది ఆ 60 వేలలో కొంతే. మిగతా డబ్బుతో మీ ఆయన అన్నట్టు పట్టు కొనండి. ఆ పట్టుతోనే మీ సొంత పేరు మీద మొదటి వార్పు వేయండి. షావుకారు ఏమైనా అంటారేమోనని భయం ఉంటే, ఆయనకు ఇవ్వాల్సిన చీరలు తేదీకి ముందే ఇచ్చేయండి. ఆయనతో లెక్క సరిగ్గా ఉన్నంత కాలం మీ రెండో మగ్గం మీ ఇష్టం.

ట్యాగ్ ఏ భాషలో అని కదా మీ చివరి సందేహం. పేరు తెలుగులో పెద్దగా, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా వేయించండి. వెతుక్కోవడానికి ఇంగ్లీషు కావాలి. నూలు, కొలతలు, ఉతికే పద్ధతి రెండు భాషల్లోనూ. చిటికి కట్టినవాళ్లు, ఆసు పోసినవాళ్లు, నేసినవాళ్లు అన్న మూడు వరుసలు తెలుగులోనే ఉంచండి. ఆ ఖాళీల్లో అత్తమ్మను ఆమె చేత్తోనే పేరు రాయమనండి.